ఎదుటివాడి గడియారంలో మన ఆలోచన

చదరంగం గడియారానికి రెండు ముఖాలు. ఒకటి నడుస్తుంటే రెండోది ఆగి ఉంటుంది. ఎత్తు వేసి మీట నొక్కగానే మన ముల్లు ఆగుతుంది, ఎదుటివాడి ముల్లు కదులుతుంది. 1883లో లండన్‌లో జరిగిన పెద్ద టోర్నమెంటులో ఇలాంటి జంట గడియారాలు బల్ల మీదికి వచ్చాయి. అంతకు ముందు ఒక్క ఎత్తు కోసం గంటలు గంటలు కూర్చుని ఎదుటివాడిని విసిగించి గెలిచే పద్ధతి ఉండేది. గడియారం దానికి అడ్డుకట్ట వేసింది. కానీ మన ముల్లు ఆగినప్పుడు మన బుర్ర కూడా ఆగాలని ఏ నియమమూ చెప్పలేదు. అందుకే ఎదుటివాడు తల పట్టుకుని ఆలోచిస్తున్నంతసేపూ మనకు ఉచితంగా సమయం దొరుకుతుంది.

మంచి ఆటగాడు ఆ సమయాన్ని వదులుకోడు. కానీ దాన్ని వాడుకునే తీరు వేరు. తన గడియారం నడుస్తున్నప్పుడు నేనిలా వేస్తే అతను అలా వేస్తాడు, అప్పుడు నేను ఇలా అని కచ్చితంగా లెక్క కడతాడు. ఎదుటివాడి గడియారం నడుస్తున్నప్పుడు మాత్రం కాస్త వెనక్కి వాలి బల్ల మొత్తాన్ని చూస్తాడు. ఏ బంటు బలహీనంగా ఉంది, ఏ గుర్రానికి మంచి గడి లేదు, ఆట చివరికి ఎటు పోయేలా ఉంది అని ఆలోచిస్తాడు. అవతలివాడు ఏం వేస్తాడో తెలియకుండా ఎత్తు ఎత్తుకూ లెక్కలు కట్టడం మనిషికి అలసట. ఆ అలసట అసలు సమయంలో దెబ్బ తీస్తుంది.

కంప్యూటర్‌కు అలసట లేదు. అందుకని అది ఇంకో దారి పట్టింది. ఎదుటివాడు వేయబోయే ఎత్తును ఊహించి, అతను అది వేసేశాడనే అనుకుని, తన జవాబు కోసం వెతకడం మొదలుపెడుతుంది. దీన్ని ఆ రంగంలోని వాళ్లు పాండరింగ్ అంటారు. పాత యంత్రాల కాలం నుంచి పర్మనెంట్ బ్రెయిన్ అనే పేరు కూడా ఉంది, అంటే ఎప్పుడూ ఆగని మెదడు అని.

దీనివల్ల ప్రోగ్రాం బలపడుతుందా? పడుతుంది. అందులో అనుమానం లేదు, ఆలోచించే సమయం పెరిగితే ఆట మెరుగుపడకుండా ఎలా ఉంటుంది? ఎంత బలపడుతుంది అన్నదే చిక్కు ప్రశ్న. ఆ ఎంతను నమ్మదగ్గట్టుగా కొలవడం ఎలా అన్నది ఇంకా పెద్ద చిక్కు. ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఆ కొలత సంగతే. అక్కడికి వెళ్లేముందు లోపల ఏం జరుగుతుందో ఒక్క ఎత్తు దగ్గర ఆగి చూడాలి.

తెల్ల పావులతో ప్రోగ్రాం ఆడుతోంది, నల్ల పావులతో ఒక మనిషి. రూయ్ లోపెజ్ ఆరంభం. మూడో ఎత్తులో తెల్ల బిషప్ నల్ల గుర్రం మీదికి వెళ్లింది, నల్ల బంటు ఒక గడి జరిగి ఆ బిషప్‌ను కదిపింది. నాలుగో ఎత్తులో ప్రోగ్రాం బిషప్‌తో ఆ గుర్రాన్ని చంపేసింది. (1966లో హవానా ఒలింపియాడ్‌లో బాబీ ఫిషర్ మళ్లీ వెలుగులోకి తెచ్చిన పద్ధతి ఇది.) ఇప్పుడు నల్లవాడు ఆ బిషప్‌ను బంటుతో తీసుకోవాలి. రెండు బంట్లకు ఆ అవకాశం ఉంది. మంత్రి ముందున్న బంటుతో తీసుకోవడం మామూలు, గుర్రం మొదట ఉన్న గడి ముందున్న బంటుతో తీసుకోవడం అరుదు.

ప్రోగ్రాం తన ఎత్తును ఎంచుకునేటప్పుడు ఆ ఒక్క ఎత్తునే కాదు, దాని తర్వాత ఇరువైపులా సాగే ఉత్తమమైన వరుస మొత్తాన్ని తయారు చేసుకుంటుంది. ఆ వరుసలో మొదటిది తన ఎత్తు. రెండోది ఎదుటివాడి జవాబు. పాండరింగ్‌కు కావలసిన ఊహ కోసం ప్రత్యేకంగా కష్టపడనక్కర్లేదు, అది ఆ వరుసలోనే రెండో స్థానంలో సిద్ధంగా ఉంటుంది.

ప్రోగ్రాంకూ తెర మీద బల్ల చూపించే ఇంటర్‌ఫేస్‌కూ మధ్య మాటలు యూసీఐ అనే ఒప్పందం ప్రకారం నడుస్తాయి. రుడాల్ఫ్ హూబర్, స్టెఫాన్ మేయర్ కాలెన్ దీన్ని రూపొందించి 2000 సంవత్సరంలో బయటపెట్టారు. మన ఉదాహరణలో ప్రోగ్రాం ఒకే వాక్యంలో రెండు సంగతులు చెబుతుంది. నా ఉత్తమ ఎత్తు బిషప్‌తో గుర్రాన్ని తీసుకోవడం, నేను ఊహిస్తున్న జవాబు మంత్రి ముందు బంటుతో తీసుకోవడం అని. ఇంటర్‌ఫేస్ ఆ ఊహించిన ఎత్తును కూడా కలిపి కొత్త స్థితిని ప్రోగ్రాంకు పంపి, ‘గో పాండర్’ అంటుంది. ప్రోగ్రాం వెతకడం మొదలుపెడుతుంది. ఇంత సమయంలోగా ముగించాలనే హద్దు దానికి లేదు. అవతల మనిషి నిమిషం ఆలోచించాడనుకోండి, ఇది కూడా నిమిషం తవ్వుతుంది.

మనిషి ఊహించిన బంటుతోనే తీసుకుంటే ఇంటర్‌ఫేస్ ‘పాండర్‌హిట్’ అనే ఒక్క మాట పంపుతుంది. ఊహ తగిలింది అని. ప్రోగ్రాం వెతుకులాటను ఆపదు, మళ్లీ మొదలుపెట్టదు. అప్పటిదాకా జరిగిన పనిని అలాగే కొనసాగిస్తుంది, కాకపోతే ఇప్పటి నుంచి తన గడియారం నడుస్తోందని గుర్తుపెట్టుకుంటుంది. ఈ ఎత్తుకు నిమిషం కేటాయిద్దామనుకుని ఉంటే ఆ నిమిషం పని ఇప్పటికే అయిపోయింది కాబట్టి వెంటనే వేసేయవచ్చు. తన గడియారంలో నిమిషం మిగిలినట్టే. అది తర్వాత వచ్చే గడ్డు ఎత్తుకు ఉపయోగపడుతుంది.

మనిషి రెండో బంటుతో తీసుకుంటే ‘స్టాప్’ అనే ఆజ్ఞ వస్తుంది. పెట్టుకున్న ఊహ తప్పింది. ప్రోగ్రాం పాత వెతుకులాటను వదిలేసి, అసలు స్థితి మీద మొదటి నుంచి మొదలుపెడుతుంది.

టిఫిన్ సెంటర్‌లో రోజూ వచ్చే మనిషి వీధి మలుపులో కనబడగానే వంటమనిషి పెసరట్టు పెనం మీద వేసేస్తాడు. వచ్చి కూర్చునేసరికి ప్లేటు సిద్ధం. ఆ రోజు ఆయన పెసరట్టు వద్దు, దోసె కావాలన్నాడనుకోండి. వేసిన పెసరట్టు వృథా. కానీ పెనం కాలి ఉంది, నూనె చేతికి అందేలా ఉంది, పొయ్యి వెలుగుతూ ఉంది. మొదటి నుంచి మొదలుపెట్టినా పూర్తిగా మొదటి నుంచి కాదు. చదరంగం ప్రోగ్రాంలో ఆ కాలిన పెనం లాంటిది హాష్ టేబుల్. పరిశీలించిన ప్రతి స్థితినీ, దాని విలువతో సహా, ప్రోగ్రాం జ్ఞాపకంలో ఒక పట్టికలో దాచుకుంటుంది. వేర్వేరు ఎత్తుల దారిలో వచ్చినా ఒకే స్థితి మళ్లీ ఎదురైతే తిరిగి లెక్క కట్టకుండా పట్టికలో చూసుకుంటుంది. ఊహ తప్పినా, ఆ పట్టికలోని కొన్ని స్థితులు కొత్త వెతుకులాటలో పనికొస్తాయి. మన ఉదాహరణలో మాత్రం ఆ సాయం తక్కువే, ఎందుకంటే ఏ బంటుతో తీసుకున్నాడన్నదాన్ని బట్టి ఆట రూపమే మారిపోతుంది.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. ఒక్క ఊహ మీదే ఎందుకు పందెం కాయాలి? రెండు మూడు ఎత్తులకు సమయం పంచితే ఏదో ఒకటి తగులుతుంది కదా? వినడానికి తెలివైన మాటలా ఉంటుంది. లెక్క వేస్తే నిలవదు. ఎదుటివాడు 60 సెకన్లు ఆలోచించాడు, మన మొదటి ఊహ తగిలే అవకాశం నూటికి 50, రెండోదానికి 20, మూడోదానికి 10 అనుకుందాం. మొత్తం 60 సెకన్లూ మొదటి దాని మీద పెడితే సగటున మనకు పనికొచ్చేది 30 సెకన్లు. మూడింటికీ 20 చొప్పున పంచితే నూటికి 80 సార్లు ఏదో ఒకటి తగులుతుంది, కానీ తగిలినప్పుడు చేతికొచ్చేది 20 సెకన్లే. సగటు 16 సెకన్లు. దాదాపు సగానికి పడిపోయింది. క్రే బ్లిట్జ్ అనే ప్రోగ్రాంతో 1983లోనూ 1986లోనూ ప్రపంచ కంప్యూటర్ చదరంగ టైటిల్ గెలిచిన రాబర్ట్ హయాట్ మొదటి ఊహ మీదే సమయమంతా పెట్టాలని గట్టిగా వాదించేవారు. మొదటి ఊహ బలహీనంగా ఉండి, మిగతావి దానికి సరిసమానంగా ఉన్నప్పుడు కూడా పంచితే గెలిచేదేమీ లేదని పై లెక్కలో అంకెలు మార్చి చూస్తే తెలుస్తుంది.

ఊహ తగలడం అన్నది స్థితిని బట్టి చాలా మారుతుంది. పావును చంపితే తిరిగి చంపడం, రాజుకు షా చెబితే తప్పించుకోవడం, ఇలాంటి చోట ఎదుటివాడికి ఉన్నదే ఒకటి రెండు దారులు. అక్కడ ఊహ దాదాపు తప్పదు. అయితే అలాంటి ఎత్తులకు ఎదుటివాడు ఎక్కువసేపు ఆలోచించడు కూడా, కాబట్టి మనకు దక్కే సమయం తక్కువ. ఏ గుర్రాన్ని ఎటు తిప్పినా ఫరవాలేదనిపించే ప్రశాంతమైన స్థితిలో ఎదుటివాడు పది నిమిషాలు కూర్చోవచ్చు, కానీ అప్పుడు మన ఊహ తగిలే అవకాశం పడిపోతుంది. ఈ రెండింటి లాగులాట వల్ల, ఎన్నిసార్లు తగిలింది అన్న లెక్క ఒక్కటే చాలదు. తగిలినప్పుడు ఎన్ని సెకన్లు చేతికొచ్చాయన్నదీ చూడాలి.

ఇప్పుడు బలం సంగతి. చదరంగంలో బలాన్ని ఈలో పాయింట్లలో కొలుస్తారు. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాడ్ ఈలో తయారు చేసిన పద్ధతి అది. 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య దాన్ని స్వీకరించింది. ఇద్దరి మధ్య తేడా 100 పాయింట్లుంటే బలమైనవాడు నూరు ఆటలకు 64 పాయింట్లు సాధిస్తాడని అంచనా. యంత్రాల్లో సమయానికీ బలానికీ ఉన్న సంబంధాన్ని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 1980ల మొదట్లో పరీక్షించారు. తన బెల్ యంత్రాన్నే వేర్వేరు లోతుల్లో ఆడేలా చేసి, ఒకదానితో మరొకటి ఆడించారు. ఒక్క ప్లై లోతు, అంటే ఒక వైపువాళ్ల ఒక్క ఎత్తు, పెరిగితే దాదాపు 200 పాయింట్ల వరకు బలం పెరగడం కనబడింది. లోతుకు పోయేకొద్దీ ఆ లాభం తగ్గుతూ వస్తుందని తర్వాతి అనుభవం చెప్పింది. సమయం రెట్టింపు చేస్తే 50 నుంచి 70 పాయింట్లు వస్తాయన్నది ప్రోగ్రామర్లు చాలాకాలం వాడిన మోటు లెక్క.

ఆ మోటు లెక్కతోనే పాండరింగ్ విలువను అంచనా వేద్దాం. ఇరువైపులా సమానంగా సమయం వాడుతున్నారు, ఊహ సగం సార్లు తగులుతోంది. అప్పుడు మన ప్రోగ్రాంకు దక్కే ఆలోచన మొత్తం ఒకటికి ఒకటిన్నర రెట్లు. ఒకటిన్నర రెట్లంటే ఒక రెట్టింపులో సగానికి కాస్త పైన, 0.58 వంతు. రెట్టింపుకు 60 పాయింట్లనుకుంటే లాభం 35 పాయింట్ల చుట్టూ ఉంటుంది. నూరు ఆటల్లో 50 రావలసిన చోట 55 వస్తాయన్నమాట. ఇది కాగితం మీది అంకె. నిజంగా ఇంతేనా అని తెలియాలంటే ఆడించి చూడాలి. కష్టమంతా ఇక్కడే.

అందరికీ ముందుగా తోచే పరీక్ష ఇది. ఒకే ప్రోగ్రాంకు రెండు ప్రతులు తీసుకుని, ఒకదానికి పాండరింగ్ ఆన్ చేసి, రెండోదానికి ఆపి, ఒకే కంప్యూటర్ మీద నూరు ఆటలు ఆడించడం. అందులో మూడు తప్పులు దాగి ఉన్నాయి.

మొదటిది పొయ్యి తప్పు. కంప్యూటర్‌లో ఒక్క ప్రాసెసర్ కోరే ఉందనుకోండి. పాండరింగ్ లేని ప్రతి తన వంతు ఆలోచిస్తున్నప్పుడు, పాండరింగ్ ఉన్న ప్రతి కూడా అదే కోర్ మీద పని చేస్తుంది. ఒకే పొయ్యి మీద ఇద్దరు వంట చేసినట్టు. మొదటివాడికి దక్కవలసిన నిప్పులో సగం రెండోవాడు లాగేసుకుంటాడు. అప్పుడు గెలిచిన ఆటల్లో ఎన్ని తన అదనపు ఆలోచన వల్ల గెలిచాడో, ఎన్ని ఎదుటివాడి ఆలోచనను తగ్గించడం వల్ల గెలిచాడో విడదీయలేం. ఇప్పుడు ఇళ్లలో ఉన్న కంప్యూటర్లకు నాలుగు, ఎనిమిది కోర్లుంటాయి కదా, ఇక ఇబ్బందేముందని అనిపించవచ్చు. ఉంది. ఒకే భౌతిక కోర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ రెండు కోర్లుగా చూపించే పద్ధతి ఒకటుంది, ఆ జంటలో ఒకటి పని చేస్తే రెండోది నెమ్మదిస్తుంది. ఒక్క కోర్ మాత్రమే పని చేస్తున్నప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని పెంచుకుంటుంది, ఎక్కువ కోర్లు పనిలో పడితే వేడి వల్ల వేగం తగ్గించుకుంటుంది. మెమరీకి వెళ్లే దారి అందరికీ ఒక్కటే, హాష్ టేబుల్ పెద్దదైతే ఆ దారిలో రద్దీ. ఇవన్నీ పాండరింగ్ లేని ప్రతికే నష్టం. దీనికి నికార్సయిన పరిష్కారం ఒకటే, రెండు వేర్వేరు కంప్యూటర్లు, ఒక్కొక్కరికి ఒక్కొక్క పొయ్యి. అంత సౌకర్యం లేకపోతే, రెండు ప్రతులకూ వేర్వేరు భౌతిక కోర్లు కేటాయించాలి. అవతలిది నిద్రపోతున్నప్పుడూ పని చేస్తున్నప్పుడూ ఇది సెకనుకు ఎన్ని స్థితులు చూస్తోందో లెక్కపెట్టాలి. ఆ రెండు అంకెలూ కలిస్తేనే పరీక్ష మొదలుపెట్టాలి. ఈ ఒక్క జాగ్రత్త పాటించని ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

రెండో తప్పు కవలల తప్పు. ఎదుటివాడు ఏం వేస్తాడని ఊహించేటప్పుడు ప్రోగ్రాం నిజానికి అడుగుతున్న ప్రశ్న, అతని స్థానంలో నేనుంటే ఏం వేస్తాను అని. ఎదుట ఉన్నది తన సొంత ప్రతే అయితే? ఒకే తూకం, ఒకే వెతుకులాట, ఒకే అభిరుచి. ఊహ మామూలు కంటే ఎక్కువసార్లు తగులుతుంది. లాభం ఉబ్బి కనబడుతుంది. వేరే వాళ్లు రాసిన ప్రోగ్రాంతో ఆడితే తగ్గుతుంది. మనిషితో, అందులోనూ అంతగా ఆట రాని మనిషితో ఆడితే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే ఉత్తమమైన ఎత్తును ఊహించే యంత్రానికి పొరపాటు ఎత్తును ఊహించడం రాదు. అందువల్ల కవలలను ఆడించి పాండరింగ్ విలువ ఇంత అని ప్రకటించకూడదు. నాలుగైదు వేర్వేరు ప్రోగ్రాంలను ఎదుట పెట్టి, వాటితో ఒకసారి పాండరింగ్‌తో, ఒకసారి లేకుండా ఆడించి, ఆ రెండు ఫలితాల తేడా చూడాలి.

ఆ ప్రత్యర్థులకు పాండరింగ్ ఉండాలా వద్దా అన్నది మరో మెలిక. వాటికీ ఉంటే ఆట నడకే మారుతుంది. వాటి ఊహ తగిలినప్పుడు అవి క్షణంలో జవాబిస్తాయి. క్షణంలో జవాబొస్తే మనం ఆలోచించుకోవడానికి ఎదుటివాడి సమయం ఎక్కడిది? ఒకరి పాండరింగ్ ఇంకొకరి పాండరింగ్‌ను తినేస్తుంది. పాండరింగ్ లేని ప్రత్యర్థి ప్రతి ఎత్తుకూ ఓపిగ్గా ఆలోచిస్తుంది కాబట్టి మనకు నిండుగా సమయం ఇస్తుంది. ఇద్దరికీ ఉన్నప్పుడు ఇద్దరి ఆటా మెరుగుపడుతుంది, కానీ ఇద్దరి మధ్య తేడా మాత్రం పెద్దగా కదలదు.

మూడో తప్పు అన్నింటికంటే సాధారణం, నూరు ఆటలు చాలనుకోవడం. పైన వేసిన లెక్క ప్రకారం నూరు ఆటలకు 55 రావాలి. ఆటల్లో సగం డ్రా అవుతాయనుకుంటే, కేవలం అదృష్టం వల్ల ఆ అంకె ఏడు పాయింట్లు అటూ ఇటూ కదలవచ్చు. అంటే 48 నుంచి 62 దాకా ఏదొచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. నిజంగా లాభం ఉన్న పద్ధతి కూడా నూరు ఆటల్లో ఓడినట్టు కనబడవచ్చు. వెయ్యి ఆటలు ఆడిస్తే 550కి 22 అటూ ఇటూ, ఈలోలో చెప్పాలంటే లాభం 20కీ 50కీ మధ్య ఎక్కడో. లాభం ఉందని అప్పుడు గట్టిగా చెప్పవచ్చు, ఎంతో చెప్పలేం. పదివేల ఆటలకు గానీ 35కు ఐదు అటూ ఇటూ అనే స్థాయికి రాలేం. ఒక్కో ఆటకు ఆరు నిమిషాలే పట్టినా వెయ్యి ఆటలకు 100 గంటలు, పదివేలకు 1000 గంటలు, నలభై రోజుల పైమాట. అంతకాలం ఎవరు ఆగుతారని తక్కువ ఆటలతో తేల్చేయడం వల్లే పాండరింగ్ మీద ఇన్ని పరస్పర విరుద్ధమైన మాటలు వినబడతాయి. ఆరంభ స్థితులు రకరకాలుగా ఎంచి, ప్రతి స్థితినీ రంగులు మార్చి రెండుసార్లు ఆడించాలి. లేకపోతే ఒకే ఆట పదే పదే జరిగి, ఆటల సంఖ్య పెరిగినా సమాచారం పెరగదు.

ఇంకో సూక్ష్మం కూడా ఉంది, అది కోడ్‌లోకి తొంగి చూస్తే గానీ తెలియదు. పాండరింగ్ ఆన్ చేస్తే ప్రోగ్రాం ఎదుటివాడి సమయాన్నే కాదు, తన సమయాన్ని వాడుకునే తీరును కూడా మార్చుకోవచ్చు. స్టాక్‌ఫిష్ అనే ప్రోగ్రాంలో పాండర్ ఆప్షన్ ఆన్ అయి ఉంటే ఒక్కో ఎత్తుకు వాడదలచిన సమయాన్ని నాలుగో వంతు పెంచే ఒక చిన్న వరుస ఉంది. ముందు ముందు ఊహలు తగిలి కొంత సమయం మిగులుతుంది కాబట్టి ఇప్పుడే కాస్త ధారాళంగా ఖర్చు పెట్టవచ్చన్నది దాని వెనకున్న ఆలోచన. వచ్చే నెల బోనస్ ఖాయమని తెలిసి ఈ నెల కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టడం లాంటిది. ప్రోగ్రాంలో ఆ ఆప్షన్ ఆన్ చేసి, ఇంటర్‌ఫేస్‌లో పాండరింగ్ ఆపి ఉంచితే ఆ బోనస్ ఎప్పటికీ రాదు. ఖర్చు మాత్రం పెరుగుతుంది. పరీక్ష చేసేవాడు రెండు చోట్లా చూసుకోవాలి.

పాండరింగ్ కోడ్‌లో తప్పులు దొర్లడం కూడా తేలిక. యూసీఐ ఒప్పందం ప్రకారం, ఊహించిన స్థితిలో వెతుకులాట ఎంత త్వరగా ముగిసినా, గెలుపు దారి కళ్లముందే కనబడినా, పాండర్‌హిట్ లేదా స్టాప్ వచ్చేదాకా ప్రోగ్రాం తన ఎత్తును ప్రకటించకూడదు. ఎదుటివాడు ఇంకా ఎత్తు వేయనే లేదు మరి. కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్లు ఇక్కడ తరచూ తడబడతారు. స్టాప్ వచ్చినప్పుడు పాత వెతుకులాట తాలూకు జవాబును కూడా పంపి తీరాలి, ఇంటర్‌ఫేస్ దాన్ని పక్కన పడేస్తుంది. ఈ వరుస తప్పితే పాత స్థితి జవాబు కొత్త స్థితికి అంటుకుని, నియమాలకు విరుద్ధమైన ఎత్తు పడి ఆట పోతుంది. పాండరింగ్ వల్ల ప్రోగ్రాం బలహీనపడిందని ఎవరైనా చెబితే, ముందుగా ఓడిన ఆటల జాబితా తీసి ఎన్ని గడియారం పడిపోయి ఓడినవో, ఎన్ని తప్పుడు ఎత్తుతో ఓడినవో చూడమంటాను.

రేటింగ్ జాబితాలు తయారు చేసేవాళ్లు ఈ విషయంలో రెండు దారుల్లో నడిచారు. స్వీడన్‌లోని ఎస్ఎస్‌డీఎఫ్ బృందం 1980ల నుంచీ ప్రోగ్రాంలను వేర్వేరు కంప్యూటర్ల మీద, 40 ఎత్తులకు రెండు గంటల చొప్పున, పాండరింగ్ ఆన్‌లోనే ఉంచి ఆడించింది. మొదట్లో మనిషి పక్కన కూర్చుని ఒక యంత్రం ఎత్తును చూసి రెండో యంత్రంలో వేసేవాడు. తర్వాత రెండు కంప్యూటర్లనూ సీరియల్ పోర్టు తీగతో కలిపి వాటంతట అవే ఆడుకునేలా చేశారు. ఆట అంటే గడియారంతో సహా ఆట అన్నది వాళ్ల దృష్టి. సీసీఆర్ఎల్ లాంటి తర్వాతి జాబితాలు పాండరింగ్ ఆపి ఆడిస్తాయి. ప్రోగ్రాంల మధ్య జరిగే టీసీఈసీ పోటీల్లోనూ పాండరింగ్ ఉండదు. స్టాక్‌ఫిష్‌లో ప్రతి చిన్న మార్పునూ పరీక్షించే ఫిష్‌టెస్ట్‌లో స్వచ్ఛందంగా కంప్యూటర్లు ఇచ్చేవాళ్ల కోర్ల మీద వేలాది ఆటలు సాగుతాయి. అక్కడ పాండరింగ్ పెడితే అదే కోర్ల మీద ఆటల సంఖ్య సగానికి పడిపోతుంది. ఒక ఆటకు రెండు కోర్లు ఎందుకు ఖర్చు చేయాలి, ఆ రెండో కోర్ మీద ఇంకో ఆట ఆడించుకోవచ్చు కదా అన్నది వాళ్ల లెక్క. ప్రోగ్రాంల వరుసక్రమం తేల్చడానికైతే ఆ లెక్క సరైనదే, అందరికీ ఒకేలా ఇస్తే వరుస పెద్దగా మారదు కాబట్టి. కానీ దాని వల్ల ఒక నష్టం జరిగింది. పాండరింగ్ కోడ్ మంచిదైనా చెడ్డదైనా ఇలాంటి జాబితాల్లో బయటపడదు. సమయాన్ని తెలివిగా పంచుకోవడం కూడా ఆటలో భాగమేనని నేను నమ్ముతాను, అందుకే ఎస్ఎస్‌డీఎఫ్ ఓపిక మీద నాకు గౌరవం.

అన్ని జాబితాల బయటా ఉండేది మాత్రం మనింట్లో ఆట. అక్కడ పాండరింగ్ ఆన్‌లో ఉంటే యంత్రానికి దొరికే బహుమతి చాలా పెద్దది, ఎందుకంటే మనం దానికంటే చాలా ఎక్కువసేపు ఆలోచిస్తాం. 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. ఆ వేగమున్న యంత్రం ఎదుట మూడు నిమిషాలు ఆలోచిస్తూ కూర్చుంటే దానికి 3600 కోట్ల స్థితులు చూసే సమయం ఇచ్చినట్టు. ఫోన్‌లో ఆడేవాళ్లు బ్యాటరీ కోసమైనా పాండరింగ్ ఆపుకోవడం మంచిది. పాత ఎక్స్‌బోర్డ్ ఇంటర్‌ఫేస్ ఆజ్ఞల్లో దీన్ని ఆన్ చేసే మాట ‘హార్డ్’, ఆపే మాట ‘ఈజీ’.

పాండరింగ్ ఆన్‌లోనే ఉంచి ఆడితే ఒకటి గమనించండి. మీరు ఐదు నిమిషాలు మథనపడి ఎత్తు వేశారు, యంత్రం కన్ను మూసి తెరిచేలోగా జవాబిచ్చింది. ఆరంభం ఎత్తుల పుస్తకం దాటిన తర్వాత అలా జరిగితే, చాలాసార్లు అది పాండర్‌హిట్ అయి ఉంటుంది. మీ ఐదు నిమిషాల ఆలోచన చివరికి చేరిన చోటు దానికి ముందే తెలుసు. అలా కాకుండా మీరు వేశాక అది ఆగి కొంతసేపు తీసుకుంటే, మీరు దాని ఊహకు అందని ఎత్తు వేసినట్టు. అది గొప్ప ఎత్తో, పెద్ద పొరపాటో రెండు మూడు ఎత్తుల్లో బల్ల మీదే తేలిపోతుంది.